చుక్కబర్రె సహజస్థితి

మా ఊరి రోడ్డుకు అవతల పశువులకు కొత్త మందులు కనిపెట్టే సంస్థ ఒకటుంది. అందులో మందు వాడటాన్ని నిషేధించారు. వినగానే ఎవరికైనా నవ్వొస్తుంది గాని, నిషేధించిన రోజు అక్కడ ఎవరూ నవ్వలేదు. అందరూ పెద్ద చదువులవాళ్ళు. వాళ్ళు నవ్వకుండా చేసిన పనిని నవ్వకుండా చెప్పడమే మర్యాద.

నా పేరు పెంటయ్య. చెలక సాగు చేసుకుని బతికేవాణ్ణి. చదువు మా ఊరి బడితో ఆగింది. మాట తక్కువ. ఆ లోటు నా పెళ్ళాం మాణెమ్మ ఇంట్లో ఎన్నడూ తెలియనివ్వలేదు. ఇంటికి ఆధారం ఒక బర్రె. నొసట తెల్లమచ్చ ఉంటుంది గనక చుక్కబర్రె అంటాం. అది పాలిచ్చినన్నాళ్ళు మాకు కరువు తెలియదు. అది ఎండితే ఇల్లెండినట్టే.

ఈసారి ఈనిన కొద్దిరోజులకే దానికి పొదుగు వాచింది. చేయి వేస్తే కాలుతోంది. పాలల్లో విరిగిన పాలలాగ తరకలు వచ్చాయి. పశువుల దవాఖాన డాక్టరు జంగయ్య సూదులు వేశాడు. తగ్గింది. మళ్ళీ వాచింది.

"పెంటయ్యా, ఇది నా దగ్గరున్న మందులకు అలవాటు పడ్డ రోగం లెక్కున్నది," అన్నాడు జంగయ్య. "రోడ్డవతల సంస్థల కొత్త మందు తయారు చేసిండ్రు. ఇంక బయటికి రాలే. కొన్ని పాలు సీసాల పట్టుకపో. పాలతోటి పొదుగు కణాలు గూడ వస్తయి. వాటిని పెంచి, వాటిమీద మందేసి, పడ్తదో పడదో చూసి చెప్తరు. అప్పటిదాంక మాత్రం పూటపూటకు పిండి పారబొయ్యి. పాలు నిలిస్తే పొదుగు రాయైతది, చన్ను మూసుకపోతది. ఒక్కపారి మూసుకపోతే మళ్ళ రాదు."

సీసా పట్టుకుని పోయాను. అక్కడ ఫర్హానా అనే డాక్టరమ్మ ఉంది. మనుషుల డాక్టరు కాదు, కణాల డాక్టరు. ఆ కొత్త మందు ఆమె చేసిందే. నన్ను "కాకా" అని పిలిచి కుర్చీ వేసింది. ఆ సంస్థలో నాకు కుర్చీ వేసింది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు తరువాత స్టేజీ మీద వేశారు, అది వేరే సంగతి.

కొన్నాళ్ళకు కబురు పంపితే మళ్ళీ పోయాను. ఒక పెట్టె చూపించింది. లోపల బర్రె ఒంట్లో ఉండేంత వేడి ఉంటుందట. అందులో ఓమనగుంటల పీటలాంటి పళ్ళెం, గుంట గుంటలో మా చుక్కబర్రె కణాలు. పెట్టె లోపలే కెమెరా. పెట్టె తెరవకుండానే ఫోటోల మీద ఫోటోలు తీసి, అన్నీ కలిపి సినిమాలాగ ఆడిస్తుంది.

"ఇదివరకు వీటికి మెరిసే రంగులు వేసి గుర్తుపెట్టేవాళ్ళం కాకా. రంగు వేస్తే కణం నలిగిపోయేది. ఏది మందు వల్ల చచ్చింది, ఏది రంగు వల్ల చచ్చింది తెలిసేది కాదు. ఇప్పుడు రంగు లేకుండానే చూస్తున్నాం."

"రంగు లేకుంటె ఎట్ల కనపడ్తయి బిడ్డా?"

"నీళ్ళ బిందెలో గాజుముక్క పడితే మీకెట్లా కనపడుతుంది?"

ఆలోచించాను. గాజుకు రంగు లేదు, నీళ్ళకూ లేదు. అయినా అంచు దగ్గర వెలుగు వంకరపోయి కనబడుతుంది. ఇదీ అంతేనట. తెర మీద చూస్తే కణాలు మెల్లగా పాకుతున్నాయి. ఒకటి గుండ్రంగా ముడుచుకుని రెండైంది. రోగమున్నవి కొన్ని బుడగలెత్తుతున్నాయి. ఎన్నేళ్ళుగా పిండుతున్నానో ఆ పొదుగును, లోపల ఇంత సంత జరుగుతోందని నాకు తెలియదు.

"రేపు సగం గుంటల్లో మందు వేస్తాను. సగం అట్లాగే ఉంచుతాను. రెండూ పక్కపక్కన చూస్తే మందు పనిచేస్తుందో లేదో తేలిపోతుంది. పనిచేస్తే జంగయ్యగారికి నేనే పంపిస్తాను," అంది.

పనికి తగ్గ మాట. ఇంటికొచ్చి మాణెమ్మకు చెప్పాను. ఆమె కూడా ఏమీ వంక పెట్టలేదు. అదే నాకు కొంచెం భయమైంది.

ఆ మరుసటి రోజే సంస్థ డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు పరదేశంలో ఒక సదస్సు చూసుకుని తిరిగి వచ్చారు. రంగు లేకుండా, తాకకుండా జీవకణాన్ని చూడటం మీదే ఆ సదస్సు. పరాంకుశంగారు మంచి మనిషి. ఎవరి మీదా కోపం ఉండదు. ఏదైనా నచ్చితే మాత్రం మధ్యలో ఆగరు. వచ్చీరాగానే ఫర్హానా పెట్టె ముందు నిలబడి, చుక్కబర్రె కణాలు పాకుతుంటే చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. వెంటనే సర్క్యులర్ వచ్చింది. గేటు దగ్గర అంటించారు గనక నేనూ చదివాను.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, పరిశీలనలోనున్న జీవకణములకు రంగు వేయుట, వాటిని తాకుట, కదుపుట, వాటిలో ఏ పదార్థమునైనను కలుపుట మున్నగు జోక్యములు తక్షణమే నిషేధించడమైనది. జీవిని దాని సహజస్థితిలో చూచుటయే సంస్థ ధ్యేయము."

"మున్నగు" దగ్గర నేను కొంచెంసేపు ఆగాను. అందులో ఎన్ని పడతాయో అప్పుడు తోచలేదు.

ఫర్హానా డైరెక్టరు గదికి పోయింది. తలుపు తెరిచే ఉంది. నేను బయట బల్ల మీద ఉన్నాను.

"సార్, ఏ పదార్థమూ కలపకూడదు అంటే మందు కూడా కలపకూడదా?"

"మందు పదార్థమా, కాదా?"

"పదార్థమే సార్. కాని మందు వేయకుండా మందు పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

పరాంకుశంగారు చాలా మెల్లగా, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, మందు వేసిన మరుక్షణం కణం సహజస్థితి కోల్పోతుంది. సహజస్థితిలో లేని కణం మీద మందును పరీక్షించడం అశాస్త్రీయం. కనుక మందు వేయనంతకాలమే మన పరీక్ష సక్రమంగా ఉంటుంది."

"కణాలకు మేత నీళ్ళయినా మార్చాలి సార్. లేకపోతే చచ్చిపోతాయి."

"చావు అసహజమని ఏ శాస్త్రంలో ఉందమ్మా?"

పక్కనే పరిపాలనాధికారి అనంతాచారిగారు ఉన్నారు. ఆయన పని డైరెక్టరుగారి మాటను కమిటీ మాటగా మార్చడం. "ఇది విధానపరమైన అంశం కనుక ఉపసంఘానికి నివేదిద్దాం సార్," అన్నారు. ఉపసంఘం ఆ సాయంత్రమే కూర్చుని, పెట్టె తలుపుకు లక్క సీలు వేయించింది. మందు సీసా బీరువాలోకి పోయింది.

విధానం పెట్టె దగ్గర ఆగలేదు. మంచి విధానం ఎక్కడా ఆగదు. గోడ గోడకూ "జోక్యం వద్దు – వీక్షణ ముద్దు" అని అంటించారు. ఏసీ కారి లెక్కల గుమస్తా నెత్తిన చుక్కచుక్కగా పడుతుంటే, ఆయన కుర్చీ జరపాలా వద్దా అని లిఖితపూర్వకంగా అడిగాడు. క్యాంటీనులో పాలు పొంగుతుంటే వంటాయన గంటె ఎత్తబోయి, గోడ చూసి దించేశాడు. పాలు సహజంగా పొంగి సహజంగా పొయ్యి ఆర్పాయి. ఇద్దరు సైంటిస్టులు నిలబడి చూశారు. ఒకాయన బాగుందన్నాడు.

పెట్టెలో మేత నీళ్ళు లేక మా చుక్కబర్రె కణాలు ముడుచుకోవడం మొదలైంది. ఒక్కొక్కటే గుండ్రమై, బుడగలెత్తి, విడిపోయి పైకి తేలాయి. దానికి కమిటీ "సహజ నిష్క్రమణ" అని పేరు పెట్టింది. ఆఖరి కణం తేలిన రోజు అందరూ లేచి కాసేపు మౌనం పాటించారు. ఫర్హానా కూడా లేచింది. ఆమె మౌనం వేరే రకం.

అప్పుడు పరాంకుశంగారికి ఇంకో ఆలోచన వచ్చింది. కణాలు సహజస్థితిలో పోయాయి సరే, వాటి తల్లి ఎక్కడో అసహజస్థితిలో ఉంటే పోలిక కుదరదు గదా. తల్లి అంటే మా బర్రె.

అందరూ కలిసి మా కొట్టం దగ్గరికి వచ్చారు. దూలానికి రెండు కెమెరాలు బిగించారు. అనంతాచారిగారు కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిబంధనలు చదివారు.

"నేటి నుండి పరిశీలనా కాలం ముగియు పర్యంతం సదరు గేదెకు సూది, మందు, పసరు, కాపడం ఇవ్వరాదు. నిమరరాదు. ఈగలు తోలరాదు. పాలు పితుకరాదు."

"పిండొద్దా?" అన్నాను.

"పితకడం జోక్యం."

"సార్, పిండకుంటె పొదుగు పలుగుతది. చన్ను మూసుకపోతది. జంగయ్య డాక్టరు చెప్పిండు."

"పెంటయ్యా," అన్నారు పరాంకుశంగారు నా భుజం మీద చెయ్యి వేసి. నా భుజం పరిశీలనలో లేదు గనక వేయొచ్చు. "పరిశీలన ముగిసిన వెంటనే కొత్త మందు మొట్టమొదట నీ గేదెకే. నా మాట. కొంచెం ఓపిక పట్టు."

జంగయ్య మందులు పనిచేయలేదు. పనిచేసే మందు వీళ్ళ బీరువాలో ఉంది. ఆ బీరువా తాళం ఈ ఓపికలో ఉంది. సరే అన్నాను.

ఇంతలో ఒక సైంటిస్టు బర్రె కొమ్ములు చూశాడు. మాణెమ్మ పండుగకు ఎర్రరంగు వేసింది. "సార్, రంగు!" అన్నాడు. అందరూ కొమ్ముల చుట్టూ మూగారు. రంగు ఉండగా సహజస్థితి ఎట్లా అని చర్చ లేచింది. గీకేద్దామని ఒకరన్నారు. గీకడం తాకడం కాదా అని ఇంకొకరు. చివరికి రంగు దానంతటదే పోయేవరకు ఎదురుచూడాలని, అంతవరకు కొమ్ములను లేనట్టుగా భావించాలని తీర్మానం చేశారు. తీర్మానం నోట్ చేసుకుంటున్న ఆయన్ని చుక్కబర్రె ఒకసారి కొమ్ముతో పక్కకు నెట్టింది. ఆయన లేనట్టుగానే భావించాడు.

మాణెమ్మ గడప మీద నిలబడి అంతా చూసింది. వాళ్ళు పోయాక నోరు తెరిచింది.

"ఏమయ్యా, బర్రెకు రోగమొస్తె సినిమా తీస్తరంట, నువ్వు తలకాయ ఊపుతవు. నీకు జరమొచ్చిన నాడు నేను గూడ గిట్లనే దూలానికి కెమెరా కట్టి చూస్త, సరేనా?"

"కొత్త మందిస్తరు," అన్నాను.

"ఎవలికి? అది సచ్చినంక బొక్కలకా?"

ఒక పూట పిండలేదు. రెండో పూటకు పొదుగు బండలాగ అయింది. చుక్కబర్రె వెనక కాళ్ళు ఎడం చేసి నిలబడింది, పడుకోవడానికి కూడా రాలేదు. మేత ముట్టలేదు. ఈగలు ముసిరాయి. నా చేతిలో తువ్వాల ఉంది. పైన కెమెరాకు ఎర్రలైటు ఉంది. వెనక ఎడమవైపు చన్ను నీలం తిరిగింది. చుక్కబర్రె నా వంక చూసి అరిచింది. బర్రె అరుపు వినని రైతు ఉండడు. కాని అట్లా నన్ను పేరు పెట్టి పిలిచినట్టు ఎన్నడూ అరవలేదు.

పొద్దున్నే సంస్థకు పోయాను. కమిటీ అంతా కలిసి ఒక గదిలో ఉంది. గోడంత తెర మీద మా కొట్టం కనబడుతోంది. ఫర్హానా మూలకు కూర్చుని ఉంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సార్, చన్ను నీలమైంది. ఒక్కపారి పిండనియ్యుండ్రి. లేకుంటె మందన్న ఇయ్యుండ్రి."

"చూశాం పెంటయ్యా. అద్భుతమైన రంగు మార్పు. ఏ రసాయనమూ వాడకుండా వచ్చింది," అన్నారు పరాంకుశంగారు.

నేను ఇంకో మాట వెతుక్కునేలోపలే తెర మీద మాణెమ్మ వచ్చింది.

చెంబు ఒక చేత, నీళ్ళ బకెట్టు ఇంకో చేత. వెనక సంచీతో జంగయ్య. కెమెరాకు మాట వినపడదు. నాకు అక్కర్లేదు. పెదవులు చూస్తే చాలు, అందులో నేనూ, నా బుద్ధీ, నా వెనక ఏడు తరాలూ వచ్చాయి. ఆమె కొంగు నడుముకు దోపుకుని, వేడినీళ్ళతో పొదుగు కడిగి, కింద కూర్చుంది.

"ఆపండి! ఎవరా స్త్రీ?" అని లేచారు అనంతాచారిగారు. "గార్డును పంపండి. పరిశీలన కలుషితమవుతోంది!"

ఇద్దరు లేచారు. తలుపు దాకా పోయారు. అప్పుడు మూలనుంచి ఫర్హానా నిలబడింది. గొంతు చాలా వినయంగా ఉంది.

"సార్, ఒక సందేహం. ఆపడం జోక్యం కాదా?"

తలుపు దాకా పోయినవాళ్ళు అక్కడే ఆగారు. ఒకాయన చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

పరాంకుశంగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోయింది. "నిజమే! మనం చూసేవాళ్ళం మాత్రమే. ఆమె మన ఉద్యోగి కాదు. మన ఆదేశం మీద చేయడం లేదు. అంటే ఆమె చేసేది జోక్యం కాదు. ఆమె పరిసరం. గాలిలాగా, వానలాగా."

"మరి ఆ డాక్టరు సార్?"

"ఆయన కూడా పరిసరమే."

అనంతాచారిగారు కూర్చుని రాసుకున్నారు: మాణెమ్మ, పరిసరం. జంగయ్య, పరిసరం. మా పెళ్ళైనప్పటి నుంచీ నేను ఆమెను చాలా అన్నాను గాని ఈ మాట నాకు తట్టలేదు.

తెర మీద పరిసరం గట్టిగా పిండుతోంది. తరకలు, చీము, నెత్తురు కలిసిన పాలు. బర్రె తన్నబోతే దాని తొడ మీద చరిచి ఏదో అంది. పూర్తిగా పిండినాక జంగయ్య చన్ను చన్నులోకి గొట్టంతో మందెక్కించాడు, మెడకు సూది వేశాడు. కొత్త మందు కోసం ఎదురుచూడటం మానేసి, తన దగ్గరున్న రెండు రకాలు కలిపి వేశాడట. పడితే పడుతుంది, పడకుంటే లేదు అని. నేను అడగకుండా బయటికొచ్చి ఇంటికి ఉరికాను. నన్ను కూడా ఎవరూ ఆపలేదు.

ఆ తరువాత పూటపూటకూ పిండాం. జంగయ్య వచ్చి మందు వేశాడు. ఈగలు తోలాం, కాపడం పెట్టాం. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. వాపు దిగింది. బర్రె పడుకుంది, లేచింది, మేత ముట్టింది. మూడు చన్నుల పాలు తేటపడ్డాయి. వెనక ఎడమది మాత్రం రాలేదు. జంగయ్య నొక్కి చూసి, "రెండు పూటలు ముందు పిండి ఉంటే," అని ఆగిపోయాడు. మిగిలిన మాట నాకు అవసరం లేదని అతనికి తెలుసు.

కొన్నాళ్ళకు సంస్థ వాళ్ళు పెద్ద సభ పెట్టి, నన్ను జీపులో తీసుకుపోయారు. పట్నం నుంచి అతిథులు వచ్చారు. నాకు స్టేజీ మీద కుర్చీ, మెడలో శాలువా. దీపం ఆర్పి సినిమా వేశారు. ముందు కణాలు, తరువాత బర్రె. నిడివి ఎక్కువైందని పరిసరాన్ని కత్తిరించారట. అంటే మాణెమ్మ లేదు, జంగయ్య లేడు, చెంబు లేదు. బర్రె నిలబడి ఉంటుంది, పొదుగు వాచి ఉంటుంది. ఒక్కసారి గెంతినట్టయి పొదుగు దిగి ఉంటుంది.

"మిత్రులారా!" అన్నారు పరాంకుశంగారు. "రంగు లేదు. మందు లేదు. మనిషి చేయి పడలేదు. కేవలం చూశాం! గేదె తనను తాను నయం చేసుకుంది. ఇక నాలుగో చన్ను..." తెర మీద ఆ ఎండిన చన్నును పెద్దగా చూపించారు. "నాలుగో చన్ను స్వచ్ఛందంగా విశ్రాంతి తీసుకుంది."

హాలు హోరెత్తింది. ముందు వరుసలో కొందరు లేచి నిలబడ్డారు కూడా. ఇకమీద జిల్లాలో పొదుగు వాపుకు ఇదే పద్ధతి అనీ, కెమెరాలు ఊరూరికీ పంపుతామనీ, మందు పరిశోధన విభాగాన్ని వీక్షణ విభాగంలో కలుపుతున్నామనీ ప్రకటించారు. ఫర్హానాను పిలిచి ఉత్తమ వీక్షకురాలు అని పళ్ళెమంత బిళ్ళ ఇచ్చారు. ఆమె దాన్ని బోర్లించి పట్టుకుంది.

"ఇప్పుడు యజమాని పెంటయ్య రెండు మాటలు మాట్లాడతారు," అన్నారు అనంతాచారిగారు. మైకు నా చేతికిచ్చారు.

నాకు సభలు తెలియవు. ఎదుట చాలామంది ఉన్నారు. అందులో ఊళ్ళనుంచి వచ్చిన రైతులు వెనక వరుసల్లో ఉన్నారు, తువ్వాలలు భుజాన వేసుకుని. వాళ్ళ కొట్టాల్లోనూ బర్రెలుంటాయి. వాటికీ పొదుగులు వాస్తాయి. వీళ్ళు కెమెరా కట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

"మందిచ్చినం," అన్నాను. మైకులో నా గొంతు నాదిలాగ లేదు. "మా ఆడామె పిండింది. జంగయ్య డాక్టరు సూదులేసిండు. అందుకే బతికింది. చూసుకుంట నిలబడ్డ రెండు పూటలకు ఆ చన్ను పోయింది. మీ బర్రెలకు పొదుగు వాస్తె పిండుండ్రి. దవాఖానకు పోండ్రి."

నా జన్మలో అంత పొడుగు మాట మాట్లాడలేదు. అనంతాచారిగారు మైకు వైపు చెయ్యి చాపి, గోడ మీది జోక్యం వద్దు కాగితం చూసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

పరాంకుశంగారు లేచారు. కోపం లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"చూశారా! ఎంత సహజంగా మాట్లాడాడు! మనం నేర్పలేదు, ఆపలేదు, సవరించలేదు. ఒక గ్రామీణుడు తన సహజస్థితిలో! ఈ మాటలను కూడా యథాతథంగా, పరిసర ధ్వనిగా నమోదు చేసుకుంటున్నాం."

మళ్ళీ చప్పట్లు. వెనక వరుసల రైతులు కొందరు నా వంక చూశారు, కొందరు ముందు వరుస వంక చూశారు, తరువాత వాళ్ళూ కొట్టారు.

దిగి వస్తుంటే మెట్ల దగ్గర ఫర్హానా నిలబడి ఉంది.

"కాకా, జంగయ్యగారు ఏ రెండు మందులు కలిపి ఇచ్చారో కనుక్కుని చెప్తారా?"

"నీ మందు ఏమైంది బిడ్డా?"

"బీరువాలోనే ఉంది. దాన్ని కూడా తాకకూడదట," అంది.

ఇంటికొచ్చేసరికి మాణెమ్మ కొట్టంలో పిండుతోంది. చెంబులో పాలధార మోగుతోంది. శాలువా తీసి గూటానికి వేశాను.

"ఏం చెప్పినవు?" అంది తల తిప్పకుండానే.

"ఉన్నది చెప్పిన. మందిచ్చినమని, నువ్వు పిండినవని."

చేతులు ఆగాయి. నా వంక చూసింది. చాలా ఏళ్ళ తరువాత ఆమె చూపులో వెక్కిరింపు లేదు.

"ఏమన్నరు మరి?"

"చప్పట్లు కొట్టిండ్రు."

ఆమె మూడో చన్ను దాకా పిండి, అలవాటు కొద్దీ నాలుగో దాని మీదికి చెయ్యి పోనిచ్చి, తీసేసుకుంది.

"దీనిక్కూడనా?"

"దానికే ఎక్కువ కొట్టిండ్రు," అన్నాను.